గల్లీ అంతా కుంటిన పొద్దున

రాట్నం ముందు కూర్చున్నవాళ్లకు మనుషుల మొహాలు కనిపించవు. దారం తెగకుండా కండె నిండాలంటే కళ్లు దారం మీదే ఉండాలి కదా. దారిన పోయేవాళ్లు కంటి చివర్లో ఒక కదలికలా వచ్చి పోతుంటారు, అంతే. సిద్దిపేటలో, బట్టలు నేసే మా సాలోళ్ల గల్లీలో, మా ఇంటి అరుగు మీద కూర్చుని చిన్నప్పటి నుంచీ నేను చేసింది ఆ పనే. బడికి పోయిన రోజులు తక్కువ, కండెలు చుట్టిన రోజులు ఎక్కువ. అందుకే మా గల్లీవాళ్లంతా నాకు మొహాలకంటే ముందు నడకలతోనే తెలుసు.

మా బాపు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడంటే వాకిలి దాటేదాకా మోకాళ్లు ఆయన మాట వినవు. వంగిన మనిషి వంగినట్టే నడిచి, వీధిలోకి వచ్చాక ఒక్కో ఎముకా సర్దుకుని నిలబడతాడు. నూలుకు రంగులద్దే ముసలామె ఉండేది పక్క గల్లీలో, మేమంతా ఖాలా అనేవాళ్లం. మోచేతుల దాకా నీలి రంగు ఉంటుంది కాబట్టి ఎక్కడ అంటుకుంటుందోనని చేతులు రెండూ ఒంటికి దూరంగా పట్టుకుని నడిచేది. రంజాన్ పండుగ నాడు చేతులు తోముకుని, అత్తరు పూసుకుని వచ్చినా అదే నడక. నేను తల ఎత్తకుండానే "ఖాలా, సేమ్యా ఏది?" అంటే, "నీకు నెత్తి మీద గూడ కండ్లున్నయా పిల్లా" అని నవ్వేది.

గుర్తుపట్టి ఊరుకునేదాన్ని కాదు, లేచి నడిచి చూపించేదాన్ని. నీళ్లకు పోయినప్పుడు బావి దగ్గర ఆడవాళ్లు "గా బామ్మ లెక్క నడువే, గా పంతులు లెక్క నడువే" అని అడిగి మరీ నడిపించుకునేవాళ్లు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, ఆమెకు ఇది నచ్చేది కాదు. "అందరి నడకలు నడుస్తవు. నీదంటూ ఓ నడకున్నదా అసలు?" అని మొట్టేది. నా పెనిమిటి షోలాపూర్ మిల్లులో పనికి పోయి ఉండటంతో నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను.

మా అన్న కూడా షోలాపూర్ మనిషే. మీసం రాకముందు మిల్లుకు పోయి, పెద్ద మనిషై తిరిగొచ్చాడు. గల్లీ మొదట్లో ఉండగానే నేను పట్టేశాను. కుడి భుజం ముందు వస్తుంది, మనిషి దాని వెనక వస్తాడు. మొహం మాత్రం నాకే కొత్తగా అనిపించింది, ఇక ఊళ్లోవాళ్లకు ఏం తెలుస్తుంది. వచ్చి పట్టుమని ఒక కాలం కూడా ఇంట్లో లేడు. సర్కారు మీద తిరగబడ్డ సంగపోళ్లతో కలిసి ఊళ్లు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. అది నిజాం సర్కారు ఆఖరి ఏడాది. సంగపోడని తెలిస్తే పట్టుకుపోయేవాళ్లు, అలా పోయినవాళ్లలో ఎంతమంది బతికి ఉన్నారో ఎవరికీ తెలియని కాలం.

ఎండాకాలం వచ్చిందంటే మా గల్లీలో ఎవరో ఒకరికి నారికురుపు లేచేది. మెట్లబావి నీళ్లతో వస్తుందని ఇప్పుడంటున్నారు, అప్పుడు మాకు తెలియదు. కాలి మీద బొబ్బ లేచి పగిలి, అందులోంచి తెల్లగా, నూలుపోగులా ఒక పురుగు తల బయటపెడుతుంది. దాన్ని లాగకూడదు. చీపురుపుల్లకు చుట్టి, కట్టు కట్టి, రోజుకు ఇంత అని మెల్లమెల్లగా తిప్పుతూ బయటికి తీయాలి. మధ్యలో తెగితే లోపలి ముక్క కాలంతా విషం చేస్తుంది. ఆ ఏడాది అన్నకు కుడి చీలమండ దగ్గర లేచింది.

ఆ కాలితోనే చిన్నకోడూరు వైపు మీటింగుకు పోయాడు. పొద్దుగూకే వేళ పోలీసులు వచ్చి పడ్డారు. అందరూ పక్కనున్న చెలకల్లో, మెట్టచేలల్లో పడి ఉరికితే అన్న కుంటుకుంటూ ఉరికాడు. ఒక జవాను వెంటపడి, చీకట్లో అతన్ని పోగొట్టుకున్నాడట. మొహం చూడలేదు, వెనక నుంచి ఆ కుంటు నడకను మాత్రం బాగా చూశాడు.

అన్న ఇంటికొచ్చి పడుకున్న కొన్నాళ్లకు, దీపాలు పెట్టే వేళ ఖాలా వచ్చింది. ఆమె తమ్ముడు ఠాణాలో వంట చేసేవాడు. ఎప్పుడూ బయటి నుంచే కేకేసే మనిషి, ఆ రోజు చప్పుడు చేయకుండా లోపలికొచ్చి తలుపు వేసింది.

"రేపు పొద్దుగాల మీ గల్లీ మీదికొస్తున్నరు. కొత్త అమీన్ సాబ్. కుంటోడు సాలోళ్లల్ల దాసుకున్నడని ఎవలో చెప్పిన్రట. గా జవాన్ గూడ వస్తుండు. మొఖం ఎర్కలేదు గని నడిస్తె పడతా అంటుండట."

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బండి కట్టి పంపిద్దామంటే ఊరి చుట్టూ పోలీసుల నాకాలు. ఇంట్లో దాచితే, ఇల్లు వెతికి అటక మీది మనిషిని దింపాక ఇక అడగడానికి ఏముంటుంది?

"నేనే పోయి ఠాణాల కూసుంట," అన్నాడు అన్న. "నా ఒక్కని కోసం గల్లీని తన్నిపిస్తరా?"

"నోర్ముయ్," అంది అవ్వ. "పోతె ఒస్తవా? ఒచ్చినోన్ని ఒక్కన్ని సూపియ్యి."

నాకు భయమేసినా నోరు ఊరుకోదు. "ఆళ్లు కుంటోని కోసమే గద ఒస్తున్నరు. అందరం కుంటోళ్లమే అయితే ఎవల్ని పట్కపోతరు?" అన్నాను. అవ్వ చెయ్యెత్తింది. బాపు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్న లెక్క నడిచి సూపియ్యి బిడ్డా," అన్నాడు.

నడిచాను. నారు లేచిన కాలు నేల మీద పడదు, మునివేళ్లతో అడిగి అడిగి ఆనుతుంది. ఆనే ముందు మనిషి ఊపిరి బిగబడతాడు, ఎడమ నడుము పైకి లేస్తుంది. అన్న మంచంలో నుంచి చూసి, "నా కన్న మంచిగ కుంటుతున్నదిర," అన్నాడు. ఖాలా నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

దీపాలు ఆర్పకముందే ఇల్లిల్లూ తిరిగి నేర్పాను. అన్న కోసం చేయమని నేను అడగాల్సిన పని లేకపోయింది, సంగతి వింటూనే లేచారు. వాళ్లకు కుంటడం కొత్త కాదు, పోయిన ఏళ్లలో అందరూ నారు అనుభవించినవాళ్లే, కాళ్ల మీద మచ్చలున్నవాళ్లే. ఎదురింటి తాత అయితే, "నాకు నేర్పొచ్చినవా పిల్లా? పోయిన ఎండకాలమంత నేను నడిచిన నడకేంది మరి?" అని వాకిట్లో తిరిగి చూపించాడు.

"గంత ఒయ్యారమేంది తాతా? పెండ్లి బరాతుల ఎగిరినట్టున్నది."

"నీ పెండ్లిల గిట్లనే ఎగిరిన గదనే!" అన్నాడు.

ఖాలా ఇంటికి పోయి పాత గుడ్డపీలికలూ, వేపాకు నూరిన ముద్దా తెచ్చింది. మగవాళ్లందరి కుడి చీలమండలకూ కట్టు పడింది.

తెల్లవారగానే బాపు వీధిలో పడుగు సాపాడు. చేతులు ముడుచుకుని కూర్చుంటే అనుమానం వస్తుంది, పైగా పొద్దున పూట మా గల్లీలో పడుగు లేకపోతే అదో వింత. గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలును బిగించి కట్టి, గంజి పెట్టి, అటొకరు ఇటొకరు జతగా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ నడవాలి. తలకు తువ్వాళ్లు చుట్టుకున్న మగవాళ్ల మధ్యలో అన్న ఉన్నాడు. అతనికి ఎదురు జత బాపు. నేను అరుగు మీద రాట్నం ముందు కూర్చున్నాను.

వాళ్లు వచ్చేటప్పటికి ఇంకా గంజి పెట్టలేదు. ఠాణా పెద్ద అమీను గుర్రం దిగి, అటూ ఇటూ కుంటుతున్న మనుషుల్ని చూసి నోరు తెరిచాడు.

"క్యారే, మీ గల్లీల సీదా నడిచెటోడు ఒక్కడు లేడా?"

"బాయి నీళ్లు సాబ్," అన్నాడు తాత. "మీరు గూడ ఓ లోటెడు తాగున్రి. వచ్చే ఎండకాలం మాతోని కలుస్తరు."

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అమీను మీసాల కింద కూడా ఏదో కదిలింది. లాఠీ కొనతో తాత కట్టు విప్పించాడు. వేపాకు ముద్ద కింద పాత మచ్చ కనిపించింది. ఇంకొకరిది విప్పమంటే, అంటుకుంటుందేమోనని జవాను ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. అమీను ఆ పని వదిలేసి ఒక్కొక్కరినీ ఎవరివని అడుగుతూ వచ్చాడు. అన్న దగ్గర ఆగాడు.

"ఈడెవడు?"

"మా బామ్మర్ది కొడుకు సాబ్," అన్నాడు బాపు. "కోహెడల ఉంటడు. పని నేర్సుకోను వచ్చిండు." కొడుకని చెబితే ఇన్నాళ్లూ ఎక్కడున్నాడని తవ్వుతారని ఆయన భయం.

అమీను జవాను వైపు తిరిగాడు. జవాను తల గోక్కున్నాడు. "అందరు గా కుంటోని లెక్కనే ఉన్నరు సాబ్."

పోతారనుకున్నాను. అమీను పోలేదు. మా ఇంటి ముందున్న మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మంచిది. మీ పని ఆపకున్రి. చేస్కోన్రి, నేను సూస్త."

బాపు గంజి పెట్టమన్నాడు. పెట్టక ఏం చేస్తాడు?

గంజి పెట్టాక పడుగు ఎవరి మాటా వినదు. ఎండ ఎక్కేలోపు, ఆరేదాకా, ఆపకుండా దువ్వుతూనే ఉండాలి. ఆగితే పోగుకు పోగు అతుక్కుని పడుగంతా పాడైపోతుంది. అటు ఉన్నవాడూ ఇటు ఉన్నవాడూ ఒకే అడుగు వేయాలి, ఒకే బరువు మోపాలి. ఒకడు వెనకబడితే కుంచె అడ్డం తిరిగి పోగులు తెగుతాయి. అడుగు చెదిరిన చోట పెద్దవాళ్లు "అడుగు కలుపున్రి!" అని అరుస్తారు. మా వాళ్లు పుట్టినప్పటి నుంచీ విన్న అరుపు అది.

మొదట అందరూ కుంటుకుంటూనే దువ్వారు. కుంచెలు తడబడ్డాయి. ఎక్కడో ఒక పోగు టప్పుమంది, ఇంకోచోట ఇంకోటి. తెగిన పోగును చూసి సాలోడు ఊరుకోలేడు, చేతులు వాటంతట అవే ముడి వేస్తాయి, కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. ముందు తాత కుంటు పోయింది. ఆయనకు తెలియనే తెలియదు. కళ్లు పడుగు మీద పెట్టి, పడుచువాడిలా చక్కగా నడుస్తున్నాడు. తర్వాత ఆయన జత. తర్వాత ఆ పక్క జత. కళ్లముందే పడుగు పాడవుతుంటే వాళ్లకు ఇక అమీనూ గుర్తులేడు, జవానూ గుర్తులేడు. రాత్రి నేను నేర్పిందంతా వాళ్ల కాళ్లలోంచి కారిపోతుంటే రాట్నం వదిలేసి చూస్తూ కూర్చున్నాను. అరుద్దామంటే అమీను నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు.

అమీను కాలు మీది కాలు దించాడు. జవాను మంచం పక్క నుంచి లేచి నిలబడ్డాడు.

అంత పొడుగు వరసలో ఇక ఒక్కడే కుంటుతున్నాడు.

బాపు కుంచె మీద నుంచి తల ఎత్తాడు. వరసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ఎదురుగా ఉన్న కొడుకును చూశాడు. ఆయన గొంతు ఎప్పటి లాగే, పని గొంతులాగే ఉంది.

"అడుగు కలుపు బిడ్డా."

అన్న కాలు కిందికి పెట్టాడు. మునివేళ్లు కాదు, మడమతో సహా మొత్తం పాదం. తర్వాత ఇంకో అడుగు. బాపు అడుగుకు అడుగు. అటు కొసకు పోయి తిరిగారు. జవాను అన్న వెనకే నడిచాడు, వీపు మీదే కళ్లు పెట్టి. అన్న కాళ్లలో ఏ తేడా లేదు. తేడా అంతా మెడలో, భుజంలో ఉంది. ముందు రావాల్సిన కుడి భుజం రావడం లేదు, కర్రలా బిగుసుకుపోయింది. ఆ వీపు నా అన్న వీపు కాదు. అలాంటి నడక నేను అంతకుముందు ఎవరిలోనూ చూడలేదు. అది జవానుకెలా తెలుస్తుంది?

"గాడు గిట్ల నడువలే సాబ్," అన్నాడు చివరికి. "గాడు కుంటిండు. గీడ గసొంటోడు ఎవలు లేడు."

"మరి పొద్దుగాల కుంటిన్రు గదరా అందరు?"

తాతకు అప్పుడు గుర్తొచ్చింది. కుంచె దించకుండానే, "పన్ల పడితె నొప్పి మర్సిపోతం సాబ్. దించినంక మల్ల లేస్తది," అన్నాడు.

అమీను నమ్మాడని నేను అనుకోను. కానీ పట్టుకుపోవడానికి అతనికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఎవరో చెప్పాల్సినవాడు చెప్పలేకపోయాడు. జవానును నోటికొచ్చినట్టు తిట్టి, గల్లీ మూల మీద కాపలా కూర్చోమని అక్కడే వదిలి, గుర్రమెక్కి పోయాడు. పడుగు ఆరేదాకా అన్న దువ్వుతూనే ఉన్నాడు. జవాను చూస్తున్నాడు మరి.

లోపలికొచ్చాక పడిపోయాడు. ఖాలా కట్టు విప్పింది. చీపురుపుల్ల విడిగా చేతిలోకి వచ్చింది, దానికి చుట్టిన పోగు ఒక జానెడు వేలాడుతోంది. రెండో కొస లేదు. ఖాలా ఆ పుల్లను అవ్వ చూడకుండా పైటలో దాచబోయింది. అవ్వ చూసేసింది.

మర్నాటికి కాలు మోకాలి దాకా ఉబ్బింది. ఆ పై రోజుకు తొడ దాకా. వేపాకు, పసుపు, ఆముదం కాచి కట్టడం, మాకు తెలిసినవన్నీ చేశాం. ఊళ్లో దవాఖాన ఉంది. బాపు రోజూ అదే మాట ఎత్తేవాడు. మూల మీద జవాను ఉన్నాడు, నారు తెగిన కుడి కాలితో ఒక మగవాణ్ణి మోసుకుపోతే వాడింకేం చూడాలి?

"నన్ను దవాఖానకు తీస్కపోతె," అన్నాడు అన్న, "గల్లీ అంత అబద్దమాడినట్టు ఎర్కయితది. తాతను గూడ ఇడువరు. వద్దు బాపూ."

బాపు లేచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మళ్లీ లేచి వచ్చి అదే మాట అడిగాడు.

ఆ జవాను నీళ్లకనీ నిప్పుకనీ ఎప్పుడు పడితే అప్పుడు మా అరుగు దాకా వచ్చేవాడు. అందుకని ఇంట్లో కూడా అన్నను అన్న అని పిలవడం మానేశాం. బాపు బామ్మర్ది కొడుకంటే నాకు బావ అవుతాడు. మొదటిసారి జవాను వింటుండగా "బావా, గంజి తాగుతవా?" అన్నాను. అంత జ్వరంలోనూ అన్న కళ్లు తెరిచి, "నీ మొగడు షోలాపూర్ నుంచి ఒచ్చి ఇంటే నా ఇంకో కాలు గూడ ఇరగ్గొడ్తడు," అన్నాడు, చాలా మెల్లగా. నాకు నవ్వొచ్చింది. గంజి ముంత కింద పెట్టి పెరట్లోకి పోయాను.

అన్న ఆ వారం దాటలేదు.

మేనల్లుడిగానే సాగనంపాం. కన్నతండ్రి ఉండి కూడా బాపు ముందు నడవలేదు. కులం పెద్దల్లో ఒకాయన నిప్పు పట్టుకున్నాడు, కోహెడ నుంచి వాళ్లవాళ్లు వచ్చేదాకా శవాన్ని ఉంచలేమని జవానుకు చెప్పారు. బాపు జనంలో వెనక నడిచాడు. మూల దగ్గరికొచ్చేసరికి, ఏదో తెలిసినవాడి సావుకు వచ్చిన మనిషిలా చేతులు వెనక కట్టుకున్నాడు. జవాను లేచి నిలబడి టోపీ తీశాడు. నేను వాకిట్లోంచి బాపు నడకే చూస్తున్నాను. మూల తిరిగేదాకా తడబడలేదు.

అవ్వ మేనత్తలా ఏడ్చింది. "అల్లుడా, అత్తింటికొచ్చి పోతివా అల్లుడా, మీ అవ్వకేం జెప్పుదు అల్లుడా" అని. మాటలు సరిగ్గానే వచ్చాయి, గొంతే ఆమెది కాదు. ఒక్కోసారి "కొ" అని మొదలై నోట్లోనే ఆగిపోయేది. ఖాలా వెంటనే చేయి పట్టుకునేది. ఏడవాల్సినంత గట్టిగా ఏడవకూడదు, ఏడవాల్సినన్ని రోజులు ఏడవకూడదు. మేనల్లుడికి అత్త ఎంత ఏడుస్తుందో అంతే ఏడ్చి, లేచి పొయ్యి ముట్టించింది.

వానాకాలం వెళ్లిపోతుండగా సర్కారు మారింది. జవాను అంతకుముందే ఎటో పోయాడు. జైళ్లలో నుంచి విడిచిపెట్టిన సంగపోళ్లలో కొందరిని దండలేసి, డప్పులు కొట్టి ఊళ్లో తిప్పారు. పోతే రారనుకున్న వాళ్లలో కొందరు వచ్చారు. చిక్కిపోయి, గడ్డాలు పెరిగి, ఎవరెవరో పోల్చలేకుండా ఉన్నారు. మా గల్లీ ముందు నుంచి పోతుంటే అవ్వ వాకిట్లో నిలబడి అందరినీ చూసింది. మొహాల వైపు కాదు, కింద కాళ్ల వైపు. కడపటి మనిషి దాటిపోయేదాకా చూసింది.

డప్పుల చప్పుడు దూరమయ్యాక అక్కడే మట్టిలో కూర్చుని "కొడుకా" అంది. ఒక్కసారి అని, చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని. మళ్లీ అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు చేతిలో పనులు వదిలేసి వచ్చి కూర్చున్నారు. ఇన్నాళ్లకు ఇప్పుడేంది అని ఎవరూ అనలేదు. ఖాలా తడి రంగు చేతులతోనే అవ్వను పొదివి పట్టుకుంది, అవ్వ రవిక వీపంతా నీలమైంది. నేను కూడా పక్కన కూర్చుని, మొదటిసారి అన్నా అని ఏడ్చాను.

పొద్దుగూకేదాకా ఏడ్చాం. బాపు బయటికి రాలేదు. నేను దీపం పెట్టడానికి లోపలికి పోతే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, నేయకుండా కూర్చుని ఉన్నాడు. "లే బాపూ," అన్నాను. "నడువ చేతనైతలేదు బిడ్డా," అన్నాడు. నేను చెయ్యి ఇచ్చి లేపాను.